ముప్ఫైమూడు రాళ్ళ నాంచారమ్మ

అనగా, అనగా, అనగా. మూడుసార్లు అన్నాను, విన్నారా? ఈ కథకి ఒక్కసారి అంటే చాలదు, అంత పాతది. మీ తాతల తాతలు ఇంకా గోచీ పెట్టుకోవడం నేర్వని రోజులవి. ఊఁ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి. నిద్దరొచ్చేవాళ్ళు ఇప్పుడే లేచిపొండి. మధ్యలో ఆవలిస్తే ఊరుకోను.

ఒక పక్క నల్లరేగడి, ఒక పక్క నాపరాళ్ళు. మధ్యలో పలకరాళ్ళపాడు అని ఒక ఊరు. ఆ ఊరికి రాళ్ళ కొదవ లేదు, తాగేనీళ్ళకే కొదవ. ఊరంతటికీ ఒకటే దిగుడుబావి. అది ఊరి బయట వాగు పక్కన ఉండేది. నలభై మెట్లు దిగితేగాని కుండ మునగదు.

ఆ ఊళ్ళో నాంచారి అని ఒకామె ఉండేది. మూడేళ్ళప్పుడు ఒంటినిండా అమ్మవారు పోసింది. అమ్మవారు పోతూ పోతూ రెండు కళ్ళూ పట్టుకుపోయింది. ఎవరైనా "అయ్యో పాపం" అంటే నాంచారికి ఒళ్ళు మండేది.

"కళ్ళు పోతే పోయినయ్యి. కాళ్ళున్నాయిగా నాకు! కళ్ళకీ కాళ్ళకీ ఒక్క దీర్ఘమేగా తేడా" అనేది.

చదువు రాదు ఆమెకి. కానీ రోజూ బడి వసారాలో కూర్చుని విని విని, దీర్ఘాలూ గుడులూ కొమ్ములూ అన్నీ చెవిలో వేసుకుంది. బళ్ళోవాళ్ళకే తప్పు పోయేది, ఆమెకు పోయేది కాదు.

బళ్ళో ఆమెకేం పని అంటారా? నీళ్ళు మోసే పని. వసారాలో పెద్ద బాన ఉండేది. పొద్దున మూడు కుండలు, మధ్యాహ్నం మూడు కుండలు పోస్తే ఆ బాన నిండేది. నలభైమంది పిల్లలు దాంట్లో నీళ్ళే తాగేవాళ్ళు. నూర్పిళ్ళప్పుడు పిల్లలున్న ఇళ్ళవాళ్ళు తలా కాసిని జొన్నలు కొలిచేవాళ్ళు, అదే ఆమె ఏడాది తిండి. అంతకుముందు వాళ్ళమ్మ మోసింది ఆ నీళ్ళు.

వాళ్ళమ్మ మామూలు మనిషి కాదు. పోయేముందు ఒక పని చేసి పోయింది. కూతుర్ని రెక్క పట్టి ఈడ్చలేదు. "నా భుజం మీద చెయ్యెయ్యవే" అని తను ముందు నడిచింది. ఇరవై అడుగులు నడిచి, వంగి, ఒక తెల్ల గుండ్రాయి పెట్టింది. ఇంకో ఇరవై అడుగులు, ఇంకో రాయి. మలుపు దగ్గర కోసురాయి పెట్టింది. దాని మొన ఎటుంటే అటు తిరగాలి. బావి గట్టు దగ్గర పెద్ద చదునురాయి పెట్టింది. అక్కడ ఆగాలి. బడి నించి బావిదాకా మొత్తం ముప్ఫైమూడు రాళ్ళు.

"ఇరవై అడుగులు, ఒక రాయి. ఇరవై అడుగులు, ఒక రాయి. మరిచిపోకే తల్లీ" అని చెప్పి కన్ను మూసింది.

నాంచారి మరిచిపోలేదు. నెత్తిన కుండ, నడుమున చెయ్యి, పెదాల మీద లెక్క. ఇరవై అడుగులు, ఒక రాయి. ఇరవై అడుగులు, ఒక రాయి. ఎండొచ్చినా వానొచ్చినా బాన నిండని రోజు లేదు. కుండలో నీళ్ళు తొణికేవి కావు. కళ్ళున్న ఆడవాళ్ళే ఆమె నడక చూసి కుళ్ళుకునేవాళ్ళు.

ఇంకో విద్య ఉంది ఆమెకి. పిల్లలు నీళ్ళు తాగే చప్పుడుని బట్టి వాళ్ళ పేరు చెప్పేసేది. "గుటకలు లెక్కపెట్టుకుంటూ తాగేది చెన్ని. సగం చొక్కాకి పోసుకునేది గురవడు. దూడలాగా తాగేది ఓబులు. ఒరేయ్ ఓబులూ, మెల్లిగా తాగరా, పొలమారుద్ది!" అనేది. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. నా నీళ్ళు తాగి ఇంతమంది చదువుకుంటున్నారని నాంచారికి ఎంత గర్వమో! ఉండదూ మరి?

ఊఁ కొట్టండర్రా. అసలు కథ ఇప్పుడొస్తోంది.

ఆ బళ్ళో సోమయాజులని పంతులుగారు ఉండేవాడు. మంచివాడు. ఒకరోజు ఆయనకి పిల్లలకి దానధర్మాలు నేర్పాలని బుద్ధి పుట్టింది. మంచి బుద్ధే, కాదన్నానా? పిల్లలందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

"పరోపకారమే పుణ్యం రా. ఇవాళ్టి నించి ప్రతివాడూ రోజుకో పుణ్యం చెయ్యాలి. అవిటివాళ్ళకీ గుడ్డివాళ్ళకీ సాయం చెయ్యాలి. శనివారం నాడు వచ్చి చెప్పాలి. చెప్పినవాడికి పప్పుబెల్లాలు."

పప్పుబెల్లాలు అనేసరికి నలభైమందికీ పుణ్యం మీద ఎక్కళ్ళేని ప్రేమ పుట్టుకొచ్చింది.

కానీ చూశారూ, ఊళ్ళో అవిటివాళ్ళు ముగ్గురే. కళ్ళు లేని నాంచారి, చెవులు వినపడని చాకలి వీరన్న, కాళ్ళు రాని ముత్యాలు. వాడు ఏడెనిమిదేళ్ళ పిల్లాడు, ఎప్పుడూ వాళ్ళింటి అరుగు మీదే కూర్చుని ఉండేవాడు. పుణ్యాత్ములు నలభైమంది, పుణ్యం చేయించుకునేవాళ్ళు ముగ్గురు. లెక్క మీరే చూసుకోండి.

పొద్దున లేస్తే వీరన్న చుట్టూ పదిమంది చేరి చెవుల్లో అరిచేవాళ్ళు. ఆయన బట్టలు వదిలేసి రేవు నించి పరిగెత్తేవాడు. ముత్యాలుకి ఒక్కొక్కళ్ళూ ఒక్కో బెల్లంముక్క పెట్టేవాళ్ళు. మూడోనాటికి వాడికి కడుపునొప్పి పట్టుకుంది. మిగతావాళ్ళంతా నాంచారి మీద పడ్డారు.

మొదట ఓబులు వచ్చాడు. నాంచారి కుండ నెత్తిన పెట్టుకుని వస్తోంది. ఇరవై అడుగులు, ఒక రాయి. వెనకనించి వచ్చి "నేను మోస్తా అత్తా!" అని కుండ లాక్కుని ఒకటే పరుగు. నెత్తిమీది బరువు ఒక్కసారిగా పోయేసరికి నాంచారి తూలింది. నోట్లో లెక్క తప్పిపోయింది. దారి మధ్యలో నిలబడి మళ్ళీ మొదటినించి ఎంచుకోవాల్సి వచ్చింది.

తరవాత గురవడు వచ్చాడు. "దారి చూపిస్తా రా అత్తా" అని మణికట్టు పట్టి బరబరా ఈడ్చాడు. వాడు చూసింది వాడి దారి. నాంచారిని తీసుకుపోయి రేగికంపలో నిలబెట్టాడు. చీర చిరిగింది, పిక్కలు గీసుకుపోయాయి.

మూడోది చెన్ని. పాపం చెన్నికి అందరికంటే మంచి మనసు. "అత్త నడిచే దారినిండా రాళ్ళే. ఎప్పుడో తట్టుకుని పడుద్ది" అనుకుంది. తెల్లారుతూనే చీపురు పట్టుకుని పోయింది. ఒంటరిగా దారంతా ఊడ్చింది. ముప్ఫైమూడు రాళ్ళూ ఒక్కొక్కటే మోసుకుపోయి వాగులో పారేసింది. చేతులు దులుపుకుని ఇంటికి పోయింది.

అప్పుడే వస్తోంది నాంచారి, ఖాళీ కుండతో. ఇరవై అడుగులు. రాయి లేదు.

ఆగింది. కాలితో చుట్టూ తడిమింది, రాయి తగల్లేదు. లెక్క తప్పానేమో అనుకుంది. వెనక్కి పోయి మళ్ళీ నడిచింది. ఇరవై అడుగులు, రాయి లేదు. ఇరవై అడుగులు, రాయి లేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాంచారి గుండెలో భయం పుట్టింది. అయినా బాన నిండాలిగా! పిల్లలు తాగాలిగా! అంచనా మీద నడిచింది. మలుపు చెప్పే కోసురాయి లేదు. ఆగమని చెప్పే చదునురాయి లేదు. గట్టు మీద నించి బావి మెట్ల మీద పడింది. పదకొండు మెట్లు దొర్లింది. కుండ పెంకులైంది. చీలమండ బెణికింది.

నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు మోసుకొచ్చారు. ఊరంతా పోగైంది. అయ్యో పాపం, అయ్యో పాపం, అయ్యో పాపం. ఒక్క నోరు ఆగితే ఒట్టు.

నాంచారి తల వంచుకుంది. కాలు నొప్పికి కాదు. "నా కాళ్ళు కూడా నన్ను మోసం చేసినయ్యా? నేను ముసలిదాన్నైపోయానా?" అని ఆమె బెంగ. రాళ్ళు పోయిన సంగతి ఆమెకేం తెలుసు? తప్పు తన కాళ్ళదే అనుకుంది.

ఊరి పెదకాపు బసివిరెడ్డి. పెద్ద గొంతు, పెద్ద మీసం, నడిస్తే నాలుగు వీధులకి వినపడే కిర్రుచెప్పులు. మనిషి మంచివాడే. ఆ మంచితనంతోనే వచ్చింది చిక్కంతా. మీసం దువ్వుకుంటూ తీర్పు చెప్పేశాడు.

"ఇంక నాంచారి కుండ ముట్టడానికి వీల్లేదు. గుడ్డిమనిషి చేత నీళ్ళు మోయించుకుంటున్నామంటే ఊరికి సిగ్గుచేటు. ఇంటికో పూట చొప్పున కూర్చోబెట్టి అన్నం పెడదాం. నీళ్ళు బండివాడు తోలతాడు."

ఊరంతా "ఆహా, ధర్మాత్ముడు!" అంది. నాంచారిని ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ అడగలేదు కూడా.

మొదటిరోజు బసివిరెడ్డి ఇంట్లో బొబ్బట్లు. "తిను. కూర్చో. కదలమాక" అన్నారు. రెండోరోజు కరణంగారింట్లో పులిహోర. "తిను. కూర్చో. కదలమాక" అన్నారు. మూడోరోజు కోమటి సుబ్బిశెట్టి ఇంట్లో పాయసం. "తిను. కూర్చో. కదలమాక" అన్నారు. నాంచారికి ముద్ద గొంతు దిగలేదు. పాయసం ఎవరికి చేదు చెప్పండి? ఆమెకు ఆ మూడురోజులూ వేపాకు నమిలినట్టే ఉంది. నిన్నటిదాకా నలభైమందికి నీళ్ళు పోసిన చెయ్యి అది. ఇవాళ ఇంకొకరి ముందు చాపమంటే చాపుద్దా?

తిన్నాక కుంటుకుంటూ వచ్చి బడి వసారాలో బాన పక్కన కూర్చునేది. పిల్లలు వచ్చి తాగేవాళ్ళు. ఎవరి పేరూ చెప్పేది కాదు. ఆ నీళ్ళు ఆమెవి కావుగా.

శనివారం వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఎండ ఫెళ్ళున కాస్తోంది. కిర్రు, కిర్రు, కిర్రుమంటూ బసివిరెడ్డి బడికొచ్చాడు. చేతిలో కొత్త చీర. నలుగురి ముందూ నాంచారికి పెట్టాలని ఆయన సంబరం. చెప్పులు మెట్టు దగ్గర విడిచి, వసారాలో నులకమంచం మీద కూర్చున్నాడు. వెనకాలే ఊళ్ళోవాళ్ళు కూడా చేరారు.

"ఏరా, ఎవరెవరు ఏం పుణ్యం చేశారో చెప్పండి" అన్నాడు పంతులుగారు.

ఓబులు లేచాడు. "నాంచారత్త కుండ మోశానండీ!" "భళా!" అన్నాడు బసివిరెడ్డి.

గురవడు లేచాడు. "నాంచారత్తకి దారి చూపించానండీ!" "భళా!" అన్నాడు బసివిరెడ్డి.

చెన్ని లేచింది. మొహం వెలిగిపోతోంది. "నాంచారత్త దారిలో రాళ్ళన్నీ తీసి వాగులో పారేశానండీ! ముప్ఫైమూడు రాళ్ళు! ఒక్కదాన్నే!"

"భళా! భళా!" అన్నాడు బసివిరెడ్డి.

బాన పక్కన కూర్చున్న నాంచారి తల ఎత్తింది.

రాళ్ళు తీసేశారు. తన కాళ్ళు తప్పలేదు. లెక్క తప్పలేదు. ఇరవై అడుగులకి ఇరవై అడుగులూ సరిగ్గానే పడ్డాయి, రాళ్ళే లేవు! మూడురోజుల నించి గుండె మీదున్న బండ దొర్లిపోయింది. "నా తల్లీ, నా కాళ్ళు బంగారం" అనుకుంది. ఆ వెంటనే కోపమొచ్చింది. అమ్మ పెట్టిన రాళ్ళు! ఎంత కోపమొచ్చిందంటే, నవ్వొచ్చేంత కోపం.

బసివిరెడ్డి గొంతు సవరించుకుని "నాంచారీ, ఇదిగో చీర. ఈ జన్మకి ఇంక నువ్వు కుండ ఎత్తక్కర్లా" అన్నాడు.

నాంచారి గోడ పట్టుకుని లేచింది. "సంతోషం రెడ్డిగారూ. కానీ ఊరంతా పుణ్యం చేస్తోంది. నాకూ ఒక్కటి చెయ్యాలనుంది. పంతులుగారూ, నాకూ పప్పుబెల్లాలు ఇస్తారా?"

పిల్లలు గొల్లున నవ్వారు. "చెయ్యి చెయ్యి, ఎవరొద్దన్నారు?" అన్నాడు బసివిరెడ్డి మీసం కిందనించి నవ్వుతూ.

బాన నించి మంచానికి ఏడడుగులు. నాంచారికి తెలీదూ? పెద్ద చెంబు ముంచింది. ఏడడుగులు వేసింది. పెదకాపు నెత్తిన బుడబుడా కుమ్మరించింది.

"ఓసి నీ... ఏందే ఇది!"

"ఎండన పడి వచ్చారుగా రెడ్డిగారూ. చల్లబడతారని" అంది నాంచారి. "అయ్యో పాపం, తడిసిపోయారే! రండి రండి, ఆరబెడతా." మణికట్టు పట్టి బరబరా ఈడ్చింది. తల మీద రుమాలు జారి, పంచె కాళ్ళకి చుట్టుకుని, పెదకాపు వసారా దిగి ఎండలో నాపరాళ్ళ మీద పడ్డాడు. ఆ రాళ్ళ మీద అట్టు పోస్తే కాలుద్ది ఆ వేళప్పుడు.

"కాళ్ళు! కాళ్ళు కాలుతున్నాయే! నా చెప్పులు!"

నాంచారి అప్పటికే వంగి మెట్టు దగ్గర తడిమింది. "ఇయ్యేనా రెడ్డిగారూ? దారికి అడ్డంగా ఉన్నాయి. ఎవరన్నా తట్టుకుని పడతారు" అని రెండు చెప్పులూ ఎత్తి బడి కప్పు మీదకి విసిరేసింది. ఒకటి కప్పు గడ్డిలో దిగబడింది. ఇంకోటి అవతల దొడ్లో గేదె మీద పడింది.

 పంతులుగారు కళ్ళు మూసుకున్నాడు. పెదకాపు మాత్రం ఒంటికాలి మీద ఎగురుతున్నాడు, కాసేపు ఈ కాలు, కాసేపు ఆ కాలు. ఎగురుతూనే అరిచాడు.

"నెత్తిన నీళ్ళు పోసే ముందు, రెక్క పట్టి లాగే ముందు, నా చెప్పులు పారేసే ముందు, ఒక్క మాట నన్ను అడగొద్దటే!"

"అడగాలా రెడ్డిగారూ?" అంది నాంచారి.

"అడగాలే! అడగొద్దూ? నెత్తి నాది! చెప్పులు నావి!"

"కుండ నాది" అంది నాంచారి. ఇప్పుడు నవ్వడం లేదు. "కుండ నాది, దారి నాది, రాళ్ళు మా అమ్మవి. అవి రాళ్ళు కావు రెడ్డిగారూ, నా కళ్ళు. కుండ లాక్కునేముందు నన్నెవరడిగారు? రాళ్ళు పారేసేముందు నన్నెవరడిగారు? నా పని తీసేసి ఊరిమీద కూర్చోబెట్టే ముందు నన్నెవరడిగారు? పిల్లలు చిన్నోళ్ళు, వాళ్ళకి తెలీదు. మీసాలొచ్చినోళ్ళు మీరు. నాకు అడుగులు తెలుసు. మీకు అడగడం తెలీదు."



ఇంక కొరడా తెప్పిస్తాడనుకున్నారు అందరూ. బసివిరెడ్డి మీసం నించి నీళ్ళు కారుతున్నాయి. కింద కాళ్ళు కాలుతున్నాయి. చివరికి, అంత పెద్ద గొంతూ చిన్నది చేసుకుని అన్నాడు.

"నాంచారీ, ఒక మాట అడుగుతా. నేను నీడలోకి రావొచ్చా?"

"రండి బాబూ, రండి. అడిగారుగా" అంది నాంచారి. ఊరంతా ఒక్కసారి పకపకా నవ్వింది. బసివిరెడ్డి కూడా నవ్వాడు. మంచివాడని చెప్పలేదూ నేను?

నీడలోకి వచ్చి, మంచం ఎక్కకుండా, ఆమె ఎదురుగా నిలబడి అడిగాడు. "ఇప్పుడు చెప్పు. నీకేం కావాలి?"

పుట్టాక ఆమెని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. నాంచారి మూడు వేళ్ళు చూపించింది.

"నా కుండ కావాలి. నా రాళ్ళు కావాలి. బావిలో పదకొండో మెట్టు కదుల్తోంది, అది కదలకుండా కావాలి. మా అమ్మ ఉన్నప్పటి నించీ కదుల్తోంది రెడ్డిగారూ. మూడురోజులు పిండివంటలు పెట్టారు నాకు. ఆ మెట్టు కింద మాత్రం ఒక రాతిముక్క పెట్టలేదు."

చెన్ని వెక్కివెక్కి ఏడుస్తోంది. నాంచారి దాని ఏడుపు పట్టుకుని దగ్గరికి పోయింది.

"ఏడవమాకే. ఒక్కదానివే, అంత దారి ఊడ్చావు. నీ వయసులో నేను చెయ్యలేకపోయేదాన్ని. ఒక్క మాట అడిగుంటే బంగారం లాంటి పని అయ్యేది. అడిగి అడుగెయ్యవే. అడిగి అడుగెయ్."

అంతే, నలభైమందీ వాగులో దిగారు. వెంట పంతులుగారు కూడా పంచె ఎగగట్టి దిగాడు. రాయి దొరికినప్పుడల్లా ఒడ్డు మీద కూర్చున్న నాంచారి చేతిలో పెట్టేవాళ్ళు. "అత్తా, ఇది నీదేనా?" "నాదే, పదిహేడోది." "అత్తా, ఇదో?" "ఇది కాదురా, ఇది వాగుది. దాని ఇంట్లో దాన్ని ఉండనీ." "అత్తా, ఇది ఎక్కడ పెట్టమంటావు?" ఎక్కడ పెట్టమంటావు! ఆ మాట వినీ వినీ ఆమె మొహం పున్నమి చంద్రుడిలాగా అయింది.

ఇరవైతొమ్మిది దొరికాయి. నాలుగు దొరకలేదు. ఎట్టాంటివి కావాలో అడిగి మరీ తెచ్చారు. ఒకటి పెదకాపు తెచ్చాడు, ఒకటి పంతులుగారు, ఒకటి చెన్ని. నాలుగోది ఎవరు తెచ్చారో చెబుతా, ఉండండి.

పదకొండో మెట్టు పని ఊరి మగవాళ్ళంతా పట్టారు. మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దు గూకేలోపు అయిపోయింది. ఇన్నేళ్ళు కదిలిన మెట్టుకి ఒక్క పూట పని!

పిల్లలకి ఇంక అడగడం అలవాటైంది. చాకలి వీరన్న దగ్గరికి పోయి, సైగలు చేసి అడిగారు. "అరవమాకండి నాయనా" అన్నాడు వీరన్న. "వెనకనించి పిలవమాకండి. ఎదురుగా వచ్చి నిలబడండి. నేను మీ పెదాలు చూసి మాట పట్టేస్తా." ఇంతే ఆయనకి కావాల్సింది.

తరవాత ముత్యాలు దగ్గరికి పోయారు. వాడు బెల్లం అనగానే కడుపు పట్టుకున్నాడు. "బెల్లం కాదురా. నీకేం కావాలో చెప్పు" అంది చెన్ని.

వాడు అందరి మొహాలూ చూశాడు. "నిజంగా అడుగుతున్నారా?" అన్నాడు. "నిజంగానే" అన్నారు.

"నాకు బడి కావాలి" అన్నాడు ముత్యాలు.

చూశారా! బుద్ధి తెలిసినప్పటి నించీ వాడి నోట్లో బెల్లం పెట్టారు. బడికొస్తావా అని ఒక్కళ్ళూ అడగలేదు. కాళ్ళు రానివాడికి చదువెందుకులే అని వాళ్ళకి వాళ్ళే అనుకున్నారు. ఆ రోజే ఓబులు వీపు మీద ఎక్కించుకున్నాడు, ఎట్టా ఎత్తుకోవాలో వాణ్ణే అడిగి. దారిలో వాళ్ళింటి గడప పక్కన తెల్లరాయి ఒకటి కనపడితే "అది అందివ్వరా" అని ఒళ్ళో పెట్టుకుని తీసుకొచ్చాడు ముత్యాలు. ఆ నాలుగో రాయి అదే. బడి గుమ్మం ముందు ఇరవై అడుగుల దూరంలో పెట్టారు, మొదటి రాయిగా.

నాంచారి మళ్ళీ కుండెత్తింది. బసివిరెడ్డి ఇచ్చిన కొత్త చీర కట్టుకుని ఎత్తింది. ఇరవై అడుగులు, ఒక రాయి. ఇరవై అడుగులు, ఒక రాయి. ఎన్నేళ్ళంటే, ముత్యాలు చదువుకుని అదే బళ్ళో పంతులయ్యేదాకా. ఓబులుకి మీసాలు నెరిసేదాకా. ఎదురొచ్చినవాళ్ళు "నాంచారమ్మా, సాయం రమ్మంటావా?" అని అడిగేవాళ్ళు. ఒక్కోరోజు "రా" అనేది, వాళ్ళ భుజం మీద చెయ్యేసేది. ఒక్కోరోజు "అక్కర్లా, పో" అనేది. పొమ్మంటే పోయేవాళ్ళు. అది కూడా నేర్చుకోవాలి మరి.

ఒక పొద్దున మూడో కుండ పోసింది. బాన నిండింది. పక్కనే గోడకి ఆనుకుని కూర్చుంది. ఒక పిల్ల వచ్చి నీళ్ళు తాగింది. "గుటకలు లెక్కపెట్టుకుంటూ తాగుతున్నావు. చెన్ని మనవరాలివి గదూ?" అంది నాంచారమ్మ. అదే ఆఖరి మాట. కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. బాన మాత్రం నిండుగా ఉంది.

పాడె కట్టారు. మోసినవాళ్ళు ఎవరనుకున్నారు? ఓబులు, గురవడు, బసివిరెడ్డి కొడుకులిద్దరు. ఆ దారినే తీసుకుపోయారు. ఇరవై అడుగులకోసారి రాయి దగ్గర ఆగారు. ముందు పంతులు ముత్యాలుని కుర్చీలో మోసుకుపోతుంటే ఆయన లెక్క చెప్పాడు. దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు. మామూలుగా అక్కడ చచ్చిపోయినవాళ్ళ చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు, లేస్తారేమోనని ఆశ. ఓబులు వంగాడు. పిలవలేదు. అడిగాడు.

"అత్తా, పోదామా? అత్తా, పోదామా? అత్తా, పోదామా?"

కాసేపు ఆగి, అప్పుడెత్తారు.

అప్పటి నించీ పలకరాళ్ళపాడులో ఎవరు పోయినా దింపుడు కళ్ళం దగ్గర పేరు పెట్టి పిలవరు, "పోదామా" అని అడుగుతారు. బళ్ళో కొత్తగా చేరిన పిల్లలకి ఒంట్లు, అంటే అంకెలు, పలక మీద నేర్పరు. ఉత్తకాళ్ళతో ఆ దారెంట నడిపిస్తారు. ఇరవై అడుగులు, ఒక రాయి. కాళ్ళకొచ్చిన లెక్క మరి పోదు. ఎవడైనా అడక్కుండా సాయానికి ఎగబడితే "ఏరా, పెదకాపు చెప్పులు తీశావా?" అంటారు. వాడు సిగ్గుపడి వెనక్కి తగ్గుతాడు.

కథలన్నీ కంచికి పోతాయంటారు. ఇది పోలేదు, ఆ దారిలోనే ఆగిపోయింది. ఇప్పటికీ ఆ దారిలో నడిచేవాళ్ళ కాలికి రాయి తగిలితే, ఎంత దెబ్బ తగిలినా సరే, తీసి పక్కన పెట్టరు. వంగి రాయి మీద చెయ్యేసి "నాంచారమ్మా, తియ్యమంటావా?" అని అడుగుతారు. ఊపిరి బిగబట్టి కాసేపు ఆగుతారు.

జవాబు రాదు. జవాబు రాకుండా తియ్యకూడదుగా?

అందుకే అక్కడే ఉన్నాయి, ముప్ఫైమూడూ.